తెలిసినవాడు

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వెలువరించే నివేదికలో ఒక పట్టిక ఉంటుంది. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి ఏమవుతాడో అందులో రాస్తారు. 2012 సంవత్సరానిది తీసి చూడండి. ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరానికి దేశమంతా రోడ్ల మీదకు వచ్చింది ఆ ఏడాది డిసెంబరులోనే. ఆ సంవత్సరం నమోదైన కేసులు 24,923. వాటిలో 24,470 కేసుల్లో నిందితుడు ఆమెకు ముందే తెలిసినవాడు. పొరుగింటివాడు 8,484 కేసుల్లో, బంధువు 1,585 కేసుల్లో, తండ్రి లేదా అంత దగ్గరి కుటుంబసభ్యుడు 393 కేసుల్లో. మిగతా 14,008 కేసుల్లో ఇతర పరిచయస్తులు. ముక్కూ మొహం తెలియనివాడు చేసిన కేసులు నూటికి రెండు కూడా లేవు. ఆ తర్వాతి సంవత్సరాల నివేదికలు చూసినా తెలిసినవాళ్ల వాటా నూటికి తొంభై దాటే ఉంటోంది.

మన జాగ్రత్తలు మాత్రం దాదాపు అన్నీ ఆ మిగిలిన ఇద్దరి గురించే. చీకటి పడేలోపు ఇంటికి రా, ఆ సందులోంచి వెళ్లకు, ఆటో నంబరు మెసేజ్ పెట్టు, కొత్తవాళ్లతో మాట్లాడకు. ఇవి వద్దనడం లేదు. మా అమ్మ నాకు చెప్పింది, నేను నా కూతురికి చెబుతున్నాను. కానీ ట్యూషన్ మాస్టారు, పక్కింటి అన్నయ్య, పెళ్లికి వచ్చి నాలుగు రోజులున్న మామయ్య, ప్రేమిస్తున్నానని వెంటపడే క్లాస్‌మేట్, తాళి కట్టిన మొగుడు... వీళ్ల దగ్గర ఎలా మెలగాలో, ఎక్కడ గట్టిగా వద్దనాలో చాలా ఇళ్లలో చెప్పరు. చెప్పాలంటే ముందు మనవాళ్లలో అలాంటివాడు ఉండొచ్చని ఒప్పుకోవాలి. అక్కడే మనకు నోరు పెగలదు.

ఈ పట్టికకూ పరిమితులున్నాయి. పెళ్లి చేసుకుంటానని నమ్మించి మోసగించాడని పెట్టిన కేసులు అందులో ఉంటాయి. ఇష్టపడి వెళ్లిపోయిన జంట మీద అమ్మాయి తల్లిదండ్రులు పెట్టించిన కేసులూ కొన్ని ఉంటాయి. కాబట్టి ప్రతి అంకె వెనుకా ఒకే రకం కథ ఉందనుకోకూడదు. మరోవైపు, అసలు అందులోకి ఎక్కనివి అంతకంటే చాలా ఎక్కువ. భార్య వద్దంటున్నా భర్త బలవంతం చేస్తే, ఆమెకు 18 ఏళ్లు నిండి, ఇద్దరూ కలిసే ఉంటున్నట్లయితే మన చట్టం దాన్ని అత్యాచారంగా గుర్తించదు. గుర్తించనిదాన్ని పోలీసులు లెక్కించరు. ఒక పెద్ద గదికి తాళం వేసి, మిగిలిన ఇల్లంతా కొలిచినట్టు ఉంటుంది ఈ లెక్క.

ఆ తాళం వేసిన గదిలోకి కొంత తొంగిచూసింది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019-21లో జరిగిన అయిదో విడతలో, లైంగిక హింసను ఎదుర్కొన్నామని చెప్పిన వివాహిత స్త్రీలను ఎవరు చేశారని అడిగారు. 82 శాతం మంది ప్రస్తుత భర్త అన్నారు. మరో 13-14 శాతం మంది మాజీ భర్త అన్నారు.

మృగం అనే మాట

ఒక ఘోరం బయటపడగానే పేపర్లలో, టీవీలో వరసగా వచ్చే మాటలు మనకు కంఠతా వచ్చు. మానవమృగం, కామాంధుడు, కీచకుడు. కోపంలో పుట్టిన మాటలే, ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ మాటలు ఇంకో పని కూడా చేస్తాయి. వాణ్ణి మనుషుల్లోంచి బయటకు తోసేస్తాయి. వాడు మృగమైతే వాణ్ణి పెంచిన ఇంటిని, తిరిగిన స్నేహితులను, చూసీచూడనట్టు వదిలేసిన వీధిని ఏమీ అడగనక్కర్లేదు.

మధుమితా పాండే అనే పరిశోధకురాలు 2013 నుంచి తిహార్ జైలుకు వెళ్లి, అత్యాచారం కేసుల్లో శిక్షపడ్డ దాదాపు వందమందితో మాట్లాడారు. వెళ్లేముందు తానూ వాళ్లను రాక్షసులనే అనుకున్నానని, తీరా చూస్తే మామూలు మనుషుల్లాగే ఉన్నారని ఆమె చెప్పారు. తాము చేసింది అత్యాచారమని చాలామందికి అనిపించలేదు. స్త్రీ సమ్మతి అనేది ఒకటి ఉంటుందన్న ఊహే వాళ్లకు లేదు. అయిదేళ్ల పాప మీద అత్యాచారం చేసిన ఒకడు మాత్రం తప్పు చేశానన్నాడు. ఆ పాప జీవితం పాడైపోయిందనీ, ఇక ఆమెను ఎవరూ చేసుకోరనీ, జైలు నుంచి బయటికొచ్చాక తానే పెళ్లి చేసుకుంటాననీ అన్నాడు.

ఆ మాట చదివి వెన్నులో వణుకు పుట్టింది నాకు. పుట్టింది దాని వింతదనానికి కాదు, బాగా తెలిసిన మాట కావడం వల్ల. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుని చెప్పే తీర్పు అదేగా. 'జరిగిందేదో జరిగింది, పిల్ల బతుకు బజారున పడకుండా వాడికే కట్టబెట్టేద్దాం.' వాడు ఆ ఆలోచనను జైల్లో కనిపెట్టలేదు.

కారణం, సాకు

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. సామాజిక కారణాలు వెతకడమంటే నేరస్థుడికి సాకు వెతకడం కాదు. చిన్నప్పుడు దెబ్బలు తిన్న పిల్లల్లో అత్యధికులు పెద్దయ్యాక ఎవరి మీదా చెయ్యి వెయ్యరు. తాగేవాళ్లందరూ అత్యాచారాలు చెయ్యరు. చేసినవాడు చెయ్యాలని నిర్ణయించుకునే చేశాడు, బాధ్యత వాడిదే. కారణాల గురించి మాట్లాడేది వేరే ప్రశ్నకు జవాబు కోసం: ఒక చోట ఆ నిర్ణయం అంత తేలిక ఎందుకయింది, వాణ్ణి ఆపవలసినవేవీ ఎందుకు అడ్డు రాలేదు?

ఇది మగవాడి శరీరధర్మం అని తేల్చేసేవాళ్లున్నారు. అదే నిజమైతే అన్ని సమాజాల్లోనూ ఒకేలా ఉండాలి. మానవశాస్త్రవేత్త పెగ్గీ రీవ్స్ శాండే 1981లో 95 గిరిజన, సంప్రదాయ సమాజాల గురించి అప్పటికే ఉన్న వివరాలను పోల్చి చూశారు. వాటిలో దాదాపు సగం సమాజాల్లో అత్యాచారం అసలు లేదు, లేదా చాలా అరుదు. అది ఎక్కువగా ఉన్న సమాజాల్లో మగవాళ్ల మధ్య హింస ఎక్కువ, మగవాడంటే మొరటుగా ఉండాలన్న ఆదర్శం బలంగా ఉంది, ఊరి నిర్ణయాల్లో ఆడవాళ్లకు చోటు తక్కువ. పాత వివరాల మీద ఆధారపడిన పని కాబట్టి ఆ శాతాలను రాతిలో చెక్కనక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం అందులోంచి గట్టిగా నిలబడుతుంది. సమాజాన్ని బట్టి ఇది మారుతుంది.

నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది 2013లో ఐక్యరాజ్యసమితి సంస్థలు ప్రచురించిన అధ్యయనం. బంగ్లాదేశ్, శ్రీలంక, చైనా, ఇండోనేషియా, కంబోడియా, పాపువా న్యూ గినియా దేశాల్లో పదివేల మందికి పైగా మగవాళ్లను అడిగారు. 'అత్యాచారం' అనే మాట వాడకుండా, ఆమెకు ఇష్టం లేకపోయినా ఎప్పుడైనా బలవంతం చేశారా అన్న తీరులో ప్రశ్నలు వేశారు. దాదాపు నాలుగో వంతు మంది చేశామన్నారు. చేసినవాళ్లలో సగం మంది మొదటిసారి చేసింది ఇరవై నిండకముందే. ఎందుకు చేశారని అడిగితే అన్ని కారణాల కంటే ఎక్కువమంది ఒప్పుకున్న కారణం 'నాకు ఆ హక్కుంది' అన్న భావం. ఆమె ఒప్పుకుందా లేదా అన్నదాంతో పని లేకుండా, తనకు కావాలి కాబట్టి తనది అనుకోవడం. సరదా, పనీపాటా లేకపోవడం, కోపం, శిక్షించాలన్న పట్టుదల ఆ తర్వాత వచ్చాయి. మద్యం వాటికన్నా కింద ఉంది.

మద్యం మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పుకుని ముందుకు వెళదాం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించినప్పుడు, రాత్రిపూట ఇంట్లో తమకు ఏం జరుగుతోందో వాళ్లకు తెలుసు. ఎక్కువగా తాగే భర్తలున్న ఇళ్లలో హింస చాలా ఎక్కువని కుటుంబ ఆరోగ్య సర్వే కూడా చెబుతోంది. అయితే అదే సర్వే ప్రకారం భర్త చుక్క ముట్టని ఇళ్లలోనూ ప్రతి నలుగురైదుగురు స్త్రీలలో ఒకరు దెబ్బలో, బలవంతమో భరించినవాళ్లే. తాగినవాడు పై అధికారి మీద పడడు, ఎస్సై మీద పడడు. ఎవరి మీద పడితే అడిగేవాళ్లుండరో తాగుడులోనూ గుర్తుంటుంది.

హక్కు ఎక్కడ పుడుతుంది

'నాకు హక్కుంది' అన్న భావన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ఇంట్లో అబ్బుతుంది, అదీ ఎవరూ నేర్పుతున్నామని అనుకోకుండానే. అన్నం తిన్న కంచం అక్క తీస్తుంది. తమ్ముడికి నీళ్లు కావాలంటే చదువుకుంటున్న అక్క లేవాలి. వాడు ఆమె జడ పట్టుకు లాగితే 'చిన్నపిల్లాడు, ఆడుకుంటున్నాడు' అంటారు. ఆమె తిరిగి కొడితే 'ఆడపిల్లవి, ఓర్పుండాలి' అంటారు. ఇందులో ఏ ఒక్కటీ పెద్ద నేరం కాదు. ఇవి చేసిన ప్రతి పిల్లాడూ నేరస్థుడు కాడు. కానీ ఆడపిల్ల 'వద్దు' అన్నమాట పాటించి తీరాల్సినది కాదని, బతిమాలో, అలిగో, కాస్త గట్టిగా లాగో దాన్ని మార్చేయవచ్చని వాడికి పదేళ్లలోపే తెలిసిపోతుంది. మన సినిమాల్లో హీరో కూడా దశాబ్దాలుగా అదే చూపించాడు. వెంటపడితే కాదన్న పిల్ల చివరికి నవ్వుతుంది.

మన దగ్గర దీనికి 'వరస' అనే ఇంకో దారి ఉంది. మేనరికాలు నడిచే ఇళ్లలో బావకూ మరదలికీ మధ్య పరాచికాలకు చనువు ఉంటుంది. అందులో మధురమైన జ్ఞాపకాలూ ఉంటాయి, నేను కాదనను. కానీ పన్నెండేళ్ల పిల్ల నడుము గిల్లితే, ఆమె మొహం మాడ్చుకుని లోపలికి వెళితే, ఇంటిల్లిపాదీ నవ్వుతారు. 'బావేగా!' ఇష్టంలేని స్పర్శకు ఆ పిల్ల దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబును నలుగురిలో నవ్వులాటగా మార్చేశాక, రేపు అదే చెయ్యి ఒంటరిగా ఉన్నప్పుడు ఇంకా ముందుకు వస్తే ఆమె ఎవరికి చెబుతుంది?

ఇంట్లో పెద్దవాళ్ల మధ్య జరిగేది మరింత లోతుగా దిగుతుంది. కొన్ని పరిస్థితుల్లో భర్త భార్యను కొట్టడం సబబేనా అని కుటుంబ ఆరోగ్య సర్వేలో అడుగుతారు. ఏడు సందర్భాలు చెబుతారు: చెప్పకుండా బయటికి వెళితే, పిల్లల్ని పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగ్గా చెయ్యకపోతే, అనుమానం వస్తే, అత్తమామలను గౌరవించకపోతే, పడకకు నిరాకరిస్తే. వీటిలో ఒక్కదానికైనా కొట్టవచ్చన్న స్త్రీలు తెలంగాణలో దాదాపు 84 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం. దేశంలో ఇవే పైన ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో 15 శాతం. ఈ అంకె చూసి 'ఆడవాళ్లే అలా అంటుంటే మగవాళ్లను అనేదేముంది' అన్నవాళ్లను విన్నాను. దెబ్బ తినే మనిషి కూడా అది న్యాయమేనని నమ్మేంతగా ఆ పాఠం పాతుకుపోయిందనేది నాకు అందులో కనిపించేది. తల్లి అలా నమ్మిన ఇంట్లో పెరిగే కొడుకు, కూతురు ఇద్దరూ ఆ పాఠమే వింటారు. తల్లి దెబ్బలు తినడం చూస్తూ పెరగడం, తామే హింసకు, లైంగిక దాడికి గురికావడం అనేవి తర్వాత హింసకు పాల్పడినవాళ్ల బాల్యాల్లో ఎక్కువగా కనిపిస్తాయని పైన చెప్పిన ఆరు దేశాల అధ్యయనం కూడా తేల్చింది.

చట్టం కూడా ఆ గుమ్మం దగ్గరే ఆగుతోంది. భార్యను బలవంతం చేసిన భర్తకు ఇచ్చిన మినహాయింపు పాత శిక్షాస్మృతిలో 375వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్‌లోకి చేరింది. దాన్ని తీసేయమని, ఢిల్లీ బస్సు ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే చెప్పింది. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు భార్యకు 18 ఏళ్లు నిండకపోతే ఆ మినహాయింపు వర్తించదంది. 2022 మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇవ్వడంతో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. కాపురాలు కూలిపోతాయన్నది దీన్ని వ్యతిరేకించేవాళ్ల ప్రధాన వాదన. బలవంతం ఆపితే కూలిపోయే కాపురం ఇప్పుడు ఎవరి వీపు మీద నిలబడి ఉందో ఆ వాదన అడగదు.

బాల్యవివాహాన్నీ ఇక్కడే చూడాలి. అదే సర్వే నాటికి 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతానికి పైన. 'వయసొచ్చిన పిల్లను ఇంట్లో పెట్టుకోవడం గుండెల మీద కుంపటి' అనే భయంతో, బయట ఏదో జరగకముందే ఒక అయ్య చేతిలో పెట్టేద్దామని చేసిన పెళ్లిళ్లు వీటిలో చాలా ఉంటాయి. ఆ పదహారేళ్ల పిల్లకు లోపల జరిగేదాన్ని ఎవరూ హింస అనరు.

ముల్లూ ఆకూ

'ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చినిగేది ఆకే.' తెలుగింటి ఆడపిల్లల్లో ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు ఉంటారా? ప్రేమతోనే చెబుతారు, జాగ్రత్త కోసమే చెబుతారు. కానీ ఆ సామెత ఏం ఒప్పేసుకుందో చూడండి. ముల్లు ముల్లుగానే ఉంటుంది, దానికి చెప్పేదేమీ లేదు. ఎవరిది తప్పు అన్న ప్రశ్నే అందులో లేదు. రెండు వైపుల నుంచి వచ్చినా ఫలితం ఒకటే అంటే, విచారణ అక్కర్లేదన్నట్టే. దీనికి తోడు 'తిరిగి ఆడది చెడుతుంది, తిరక్క మగాడు చెడతాడు' అన్నది ఉండనే ఉంది.

మన భాషలో ఈ నేరానికి పాత పేరు మానభంగం. పోయింది మానం. మానం ఎవరిది? ముందు ఆమెది, ఆ వెంటనే ఆమె తండ్రిది, ఇంటిది, కులానిది, ఊరిది. దొంగతనం జరిగితే దొంగ పరువు పోతుంది. ఈ ఒక్క నేరంలోనే నష్టపోయినవాళ్ల పరువు పోతుంది. ఇది తలకిందులైన లెక్క, కానీ ఇంటి నిర్ణయాలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. పోలీస్ స్టేషన్‌కు వెళితే నలుగురికీ తెలుస్తుంది. తెలిస్తే చెల్లెలికి సంబంధాలు రావు. చేసినవాడు పెదనాన్న కొడుకైతే అన్నదమ్ముల మధ్య పొలం వాటాలు, రాకపోకలు అన్నీ చెడతాయి. అందుకని పిల్లను అమ్మమ్మ ఊరికి పంపేస్తారు, లేదా చదువు మాన్పిస్తారు. వాడు మాత్రం సంక్రాంతికి వస్తాడు, భోజనానికి కూర్చుంటాడు, ఆ పిల్లే వడ్డించాలి. ఇలాంటి ఇళ్లు నాకు తెలుసు.

భౌతిక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మాట. తెలిసినవాడికి ధైర్యం ఈ మౌనం నుంచే వస్తుంది. ఆమె చెప్పదని వాడికి తెలుసు. చెప్పినా వాళ్లమ్మే నోరు మూయిస్తుందనీ తెలుసు, ఎందుకంటే వాడు అదే చుట్టరికంలో పెరిగినవాడు.

నోరు మూయించే తల్లిని తిట్టడం తేలిక. ఆ ఇంటికి డబ్బు తెచ్చేవాడే ఆ పని చేసినవాడైతే, ఆమె పేరున గజం స్థలం లేకపోతే, పుట్టింటివాళ్లు 'సర్దుకుపో' అని తిప్పి పంపితే, కేసు పెట్టిన మర్నాటి నుంచి ముగ్గురు పిల్లలతో ఎక్కడ పడుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పరు. ఆస్తి హక్కు, ఆడవాళ్ల చేతిలో సొంత సంపాదన, తలదాచుకునే చోటు... వీటిని మామూలుగా మనం లైంగిక హింస ఖాతాలో వెయ్యం. వెయ్యాలి.

పిల్లల మాట

2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం ప్రచురించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53 శాతం మంది చెప్పారు. ఇది అసభ్యకరమైన చూపు, మాట, ఫొటోల దగ్గర్నుంచి తీవ్రమైన దాడుల దాకా అన్నీ కలిపిన లెక్క. వేధింపు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. చాలామందిని నిర్ఘాంతపరిచింది ఇంకోటి ఉంది. వేధింపుకు గురైనవాళ్లలో మగపిల్లలు సగానికి కాస్త ఎక్కువే ఉన్నారు.

మగపిల్లల విషయం మనం అసలు ఎత్తం. హాస్టల్లో సీనియర్, ఊళ్లో అన్న, ఇంట్లో బాబాయి. పిల్లాడు చెబితే 'మగాడివి, నీకేం పోయింది' అంటారు. మానం ఆడపిల్లకే ఉంటుందనుకునే లెక్కలో వాడికి జరిగినదానికి పేరే లేదు. పేరు లేని బాధ కొందరిలో లోపలికి తిరుగుతుంది. బహుకొద్దిమందిలో తమకంటే చిన్నవాళ్ల వైపు తిరుగుతుంది.

దీని పక్కనే ఇంకో ఖాళీ ఉంది. శరీరం గురించి, కోరిక గురించి, ఎదుటి మనిషి ఇష్టం గురించి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు, బళ్లలోనూ దాదాపు లేదు. కిశోర విద్య కార్యక్రమం పెడితే 2007లో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు సంస్కృతికి విరుద్ధమని ఆపేశాయి. తొమ్మిదో తరగతి పాఠం చెప్పే టీచరు పునరుత్పత్తి అధ్యాయాన్ని 'ఇంట్లో చదువుకోండి' అని దాటేస్తారు. ఇంట్లో ఎవరున్నారు చెప్పడానికి? ఫోన్ ఉంది. అందులో ఆమె ఏడుస్తున్నా అతను ఆగడు, చివరికి ఆమెకు అదే నచ్చినట్టు చూపిస్తారు. పద్నాలుగేళ్ల కుర్రాడికి దాన్ని కాదని చెప్పే ఇంకో గొంతు ఎక్కడా వినిపించకపోతే, వాడికి తెలిసిన లోకం అదే. అశ్లీల వీడియోలే అత్యాచారాలకు కారణమని తేల్చడం తొందరపాటే. ఇంట్లో ముందే పడిన 'నాకు హక్కుంది' అన్న విత్తనానికి అవి నీళ్లు పోస్తాయి.

అడిగేవాళ్లు లేనిచోట

ఇంటి నుంచి ఊరికి వస్తే ఆ హక్కుకు కులం తోడవుతుంది. జోగిని వ్యవస్థలో దళిత బాలికలను దేవుడి పేరు మీద ఊరి పెద్దలకు అప్పగించారు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది 1988లో. ఒక కులం ఆడవాళ్ల విషయంలో మానం అంటే ప్రాణం, ఇంకో కులం ఆడవాళ్లకు ఆ మాటే వర్తించదు. రెండూ ఒకే ఊరి కట్టుబాటులో పక్కపక్కనే ఉన్నాయి.

అధికారం ఇంకో పొర. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. విచారణ పొడవునా ప్రశ్న ఆమె నడత మీదే నడిచింది. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో కోందు ఆదివాసీ మహిళలు పదకొండు మంది, గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. పదహారేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం నిందితులను వదిలేసింది, దర్యాప్తు సరిగ్గా చేయలేదన్న కారణంతో. అదే తీర్పులో ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. పెదనాన్న కొడుకు విషయంలో ఇల్లు చేసిన పనినే ఇక్కడ వ్యవస్థ చేసింది, ఇంకాస్త పెద్దగా.

ఉరి తీస్తే ఆగుతుందా

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. కూతురు కనిపించడం లేదని వెళ్లిన కుటుంబాన్ని పోలీసులు పరిధి పేరుతో తిప్పారు, తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులనూ చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది, ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. కాల్పులు జరిగిన వారంలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 7 రోజుల్లో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ అంటూ దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు.

ఆ పూలు చల్లినవాళ్ల కడుపుమంటను నేను తక్కువ చెయ్యను. కానీ మొదట్లో చెప్పిన పట్టికను ఆ పూల పక్కన పెట్టి చూడండి. నిందితుడు అపరిచితుడైతే ఉరి అనడం తేలిక. వాడు మేనమామ అయితే? శిక్ష ఎంత పెద్దదైతే, చెప్పొద్దని ఆ పిల్ల మీద పడే ఒత్తిడి అంత పెద్దది. 'మీ మావయ్యను ఉరి తీస్తారే, నీ వల్ల అమ్మమ్మ చచ్చిపోతుంది' అంటారు. పిల్ల నోరు మూసుకుంటుంది. అత్యాచారానికి మరణశిక్ష వద్దని వర్మ కమిటీ చెప్పింది. శిక్ష పడి తీరుతుందన్న నమ్మకమే నేరాన్ని ఆపుతుంది, ఆ నమ్మకం రావాలంటే ముందు మాట బయటికి రావాలి.

సుప్రీంకోర్టు 2015లో ఇలాంటి కేసుల్లో రాజీ అనే ఆలోచనే ఉండకూడదంది. 2021 మార్చిలో, నిందితుడు బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలంటూ మధ్యప్రదేశ్ హైకోర్టు పెట్టిన బెయిల్ షరతును కొట్టేసింది. పంచాయితీ పెద్దల భాష న్యాయస్థానం దాకా ఎలా ఎక్కుతుందో ఆ షరతే చెబుతుంది.

మాట బయటికి వచ్చిన రోజున ఏం జరుగుతుందన్నది చాలావరకు మొదట విన్న మనిషి చేతిలో ఉంటుంది. పిల్ల సాధారణంగా సూటిగా చెప్పదు. 'ఆ అంకుల్ దగ్గరికి ట్యూషన్‌కి వెళ్లను' అంటుంది, లేదా మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. ఎందుకని అడిగి, చెప్పింది నమ్మి, 'నీ తప్పేం లేదు, చెప్పి మంచి పని చేశావు' అనాలి. 'ఎందుకు వెళ్లావు, అప్పుడే ఎందుకు అరవలేదు' అంటే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయవచ్చు. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి, దాచడం నేరం. వాంగ్మూలం కోసం పిల్లను స్టేషన్‌కు తీసుకెళ్లనక్కర్లేదు. ఇంటి దగ్గర, లేదా పిల్ల కోరిన చోట, వీలైనంతవరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. నిందితుడు పిల్ల కంటపడకుండా చూడాలి. ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా చికిత్స చెయ్యాలి. హైదరాబాద్‌లో 2016 నుంచి నడుస్తున్న భరోసా కేంద్రంలో పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసాయం ఒకే చోట దొరుకుతాయి. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. మహిళలకు 181 సహాయ నంబరు ఉంది.

ఆ పిల్లకు ఒక అన్నో తమ్ముడో ఉంటే, వాడు కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. ఆ రోజున పెద్దవాళ్లు ఎవరి పక్కన నిలబడ్డారో వాడు చూస్తూనే ఉంటాడు.